ఎక్కువొచ్చిన మూడు కిలోలు

మా పిన్ని వీధిలో అందరి కొలతలూ తీసేది, తన కొలత మాత్రం ఎవరికీ తెలియనిచ్చేది కాదు. ఆవిడ టైలరు. మా అమ్మకు సొంత చెల్లెలు. మా ఇంటి ముందుగదిలోనే ఆవిడ కుట్టుమిషను, ఇస్త్రీబల్ల, నిలువుటద్దం ఉండేవి. ఏ ఇంటావిడ నడుము ఏ ఏడాది ఎంత పెరిగిందో ఆవిడకు తెలుసు, కానీ ఒకరి కొలత ఇంకొకరి చెవిన వేసిన పాపాన పోలేదు. ఎవరైనా పోయినేడాది కుట్టించుకున్న గౌను పట్టడం లేదని బిక్కమొహం వేసుకుని వస్తే, వానలకి గుడ్డ ముడుచుకుపోయిందమ్మా, ఈ రకం బట్టతో ఇదే గొడవ అని తప్పంతా గుడ్డ మీదకి నెట్టేసి, కుట్లు విప్పి రెండంగుళాలు వదిలేది. వచ్చినావిడ హమ్మయ్య అనుకుంటూ వెళ్లేది. మండుటెండల్లో కూడా మా వీధిలో గుడ్డలు వానలకే ముడుచుకునేవి.

పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వచ్చినవాళ్లలో సగంమంది మరీ బిగుతు, సగంమంది మరీ వదులు, సరిపోయినవాడు ఒక్కడూ తగల్లేదు అనేది. అడిగినవాళ్లు నవ్వేసి ఊరుకునేవారు.

ఇంత మంచి మనిషికీ ఒక జబ్బుంది. తూకం దగ్గర కన్నతండ్రిని కూడా నమ్మేది కాదు. కూరగాయల కొట్లో త్రాసు ముల్లు ఆగేదాకా రెప్ప వేసేది కాదు. ఇక గ్యాస్ బండ సంగతి చెప్పనే అక్కర్లేదు. బండ మెడ చుట్టూ ఉండే రేకు మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. దానికి లోపలి గ్యాస్ బరువు కలిపితే మొత్తం ఎంత తూగాలో తెలిసిపోతుంది. బండలు తెచ్చే ఆయన దగ్గర కొక్కెం త్రాసు ఉంటుంది, అడిగినవాళ్లకు వేలాడదీసి చూపించాలని రూలు. మా వీధిలో ఎవరికీ అంత ఓపిక లేదు. పిన్నికి ఓపిక ఉంది కానీ ఆ త్రాసు మీద నమ్మకం లేదు. బండా ఆయనదే, త్రాసూ ఆయనదే, ఇక మధ్యలో నేనెందుకు అనేది.

అందుకని మూతపడ్డ ఆసుపత్రి సామాను ఎవరో అమ్ముతుంటే, మనుషులు ఎక్కి బరువు చూసుకునే మిషనొకటి బేరమాడి తెచ్చుకుంది. తీరా బండను దాని మీద పెడితే ముల్లు బండ కింద దాక్కుంది. అమ్మ నవ్వింది, పిన్ని నవ్వలేదు. ఒక పూటంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. ముందు తను మిషన్ ఎక్కి నిలబడుతుంది. బండాయన నిండు బండను ఎత్తి ఆవిడ చేతుల్లో పెడతాడు. ఆవిడ దాన్ని పొట్టకు హత్తుకుని ఊపిరి బిగబడుతుంది. నేను నేల మీద బోర్లా పడుకుని ముల్లు ఎక్కడుందో చదవాలి. అప్పట్లో నాకు కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ, పగలంతా ఇంట్లో ఆవలిస్తూ ఉండేదాన్ని కాబట్టి ఈ ఉద్యోగం కూడా నాకే దక్కింది. నేను అంకె చెప్పగానే పిన్ని కళ్లు మూసుకుని, అందులోంచి తన బరువూ ఖాళీ బండ బరువూ తీసేసి, మిగిలింది గ్యాస్ అని తేల్చేది. ఆ తీసివేత మాత్రం మనసులోనే. తన బరువు ఎంతో నోరు జారి కూడా బయటపెట్టేది కాదు. మిషన్ కొన్న రోజున తలుపు గడియ పెట్టుకుని ఒక్కసారి చూసుకుంది, ఆ అంకెనే గుండెల్లో దాచుకుంది.

బండాయన అంటే నెత్తి సగం నెరిసిన, బక్కపలచటి మనిషి. బండను మాత్రం పసిపిల్లను ఎత్తుకున్నంత సులువుగా ఎత్తేవాడు. భార్య పోయి చాలా కాలమైందని, వంటా వార్పూ తనే చేసుకుంటాడని ఎదురింటావిడ ఆరా తీసి చెప్పింది. వీధి మొదట్లో ట్రాలీ ఆటో ఆపి, ఖాళీ బండ మీద రెంచీతో టంగుటంగుమని కొట్టేవాడు. ఆ చప్పుడే ఆయన మాట, అంతకు మించి నోరు మెదిపేవాడు కాదు. వీధంతా ఆయన్ని గ్యాసబ్బాయ్ అని పిలిచేది. ఆ నెరిసిన జుట్టుకు మర్యాద ఇచ్చి మీరు అన్నది మా పిన్ని ఒక్కతే.

మొదట్లో బండ ప్రతిసారీ సరిగ్గా తూగింది. దొంగను పట్టుకుందామని కాచుక్కూచున్న పిన్నికి మొహం చిన్నబోయేది. కొన్నాళ్లు పోయాక ఒకరోజు తీసివేత ముగించి కళ్లు తెరిచి, అరకిలో ఎక్కువుందే అంది. ఎక్కువ రాదండీ అని బండాయన తల గోక్కున్నాడు. రాదంటారేంటి, వచ్చింది కదా అని పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపులో మొదటిసారి అనుమానం లేదు. ఆ రోజు ఆయనకు టీ ఇచ్చి, పళ్లెంలో బిస్కెట్లు పెట్టింది. ఆయన మొహమాటపడి ఒకటి తీసుకున్నాడు. మిగతావి పిన్ని తినేసింది. సంతోషమొస్తే మా పిన్నికి ఆకలేస్తుంది.

తర్వాతి బండకు కిలో ఎక్కువొచ్చింది. మళ్లీ టీ, మళ్లీ బిస్కెట్లు, ఈసారి కాస్త ఖరీదైనవి. ఇంకొన్ని బండలకు కిలోన్నర, తర్వాత రెండు. అసలు సంగతి మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మా ఇంట్లో ఎవరికీ కాలేదు. తీసేసే అంకె పిన్ని గుండెల్లో ఉంటే మాకెలా తెలుస్తుంది? బండాయన తన మీద అభిమానం కొద్దీ గ్యాస్ ఎక్కువ తెస్తున్నాడని పిన్ని ఉబ్బితబ్బిబ్బయ్యేది, ఆ ఉబ్బులో ఇంకాస్త తినేది, ఆ తిన్నదంతా తర్వాతి తూకంలో ఆయన అభిమానమై కూర్చునేది.

అమ్మకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. బండ ఎప్పటిలాగే అయిపోతోంది, ఎక్కువొచ్చిన గ్యాస్ ఎటు పోతోంది అని ఆరా తీసేది. నువ్వు స్టవ్ మీద పాలు పెట్టి పక్కింటికి పోతావుగా అని పిన్ని ఎదురు తిరిగేది.

"అయినా అంత గ్యాస్ పట్టడానికి బండలో చోటెక్కడిదే?" అని అమ్మ ఒకరోజు నిలదీసింది.

"ఇష్టంగా కుక్కితే ఎందుకు పట్టదక్కా?" అంది పిన్ని.

ఆ మాట విన్నాక అమ్మ నా వంక చూసింది, నేను అమ్మ వంక చూశాను. ఇద్దరం వంటింట్లోకి పోయి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వాం. అప్పటినుంచి మా ఇల్లు ఇల్లు కాదు. పిన్ని కుట్టుమిషన్ తొక్కుతూ కూనిరాగాలు తీసేది. ఒకావిడ గౌనుకు ఇంకొకావిడ చేతులు అతికించింది. టంగుమని చప్పుడు వినపడితే చాలు, నోట్లో గుండుసూదులతోనే అద్దం ముందుకు పరిగెత్తేది. తన గౌన్లు బిగుతైతే వానలకు ముడుచుకున్నాయని తనకు తనే చెప్పుకుని, తన కుట్లు తనే విప్పుకుంది. మా ఇంటికి మాత్రం ఎక్కువ తెస్తాడని వీధి వీధంతా చాటింది. ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు, ఆవిడ మురిసిపోయింది. ఎక్కువొచ్చింది మూడు కిలోలకు చేరిన రోజున పిన్ని ఎగిరి గంతేయలేదు. బండాయన వెళ్లాక అమ్మ దగ్గరకొచ్చి, మూడు కిలోలక్కా అని సిగ్గుపడుతూ చెప్పింది. పెళ్లి కుదిరిన పిల్ల కూడా అంత సిగ్గుపడదు.

సరిగ్గా అప్పుడే పిన్నికి విషజ్వరం తగిలింది. గంజి తప్ప మరోటి పడలేదు. మంచం మీద పిన్ని ఉందో, దుప్పటి ఒక్కటే ఉందో తెలియనంతగా చిక్కిపోయింది. ఆ జ్వరంలోనూ చెవి మాత్రం వీధి వైపే. టంగుటంగు వినపడలేదేం అని అడిగేది. నేను పగలు నిద్రలో ఉండేదాన్ని, నాకేం తెలుసు? అమ్మ ఈవిడ సేవలో పడి ఏ చప్పుడూ పట్టించుకోలేదు. ఆయన ఇటు రావడమే మానేశాడని పిన్ని తీర్మానించేసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

లేచి తిరగడం మొదలుపెట్టాక బండ వచ్చింది. పిన్ని గోడ పట్టుకుంటూ వచ్చి మిషన్ ఎక్కింది. బండాయన బండను ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఈసారికి నా త్రాసుతో చూద్దామా అండీ అని నసిగాడు. ఏం, నా మిషనంటే భయమా అని పిన్ని చేతులు చాచింది. ఆయన బండను ఆవిడ చేతుల్లో పెట్టాడు కానీ అడుగున తన అరచేతులు ఆనించి ఉంచబోయాడు. చేతులు తీయండి, తూకం మారిపోతుంది అని కసిరింది. నేను ముల్లు చదివాను. పిన్ని కళ్లు మూసుకుంది, తెరిచింది, మళ్లీ మూసుకుంది. రెండు కిలోలు తక్కువ.

ఆ రోజు టీ లేదు, బిస్కెట్లు లేవు. ఆయన ఖాళీ బండను భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. పిన్ని కుట్టుమిషన్ మీద తల వాల్చి ఏడ్చింది. మూడు ఎక్కువ తెచ్చిన మనిషి, నేను మంచాన పడేసరికి రెండు తక్కువ తెచ్చాడంటే, నా వాటా ఇంకెవరింటికో పోతోందన్నమాట అని ఎక్కిళ్ల మధ్య చెప్పింది. ఒసే, అది గ్యాసే అని అమ్మ ఎంత సర్దిచెప్పినా వినలేదు. దుఃఖం కాస్తా కోపంగా మారి నషాళానికి అంటింది. ఏజెన్సీకి ఫోన్ చేసి, తూకం తక్కువొచ్చిందని ఫిర్యాదు చేసి పడేసింది. మేనేజరు నాలుగు చీవాట్లు పెడతాడు, ఆయన వచ్చి సంజాయిషీ చెప్పుకుంటాడు, తను కాసేపు బెట్టు చేసి టీ పెడుతుంది. పిన్ని వేసుకున్న లెక్క అదీ.

కానీ ఆ ఏజెన్సీకి కొత్తగా వచ్చిన మేనేజరు మహా నిక్కచ్చి మనిషి. రెండోరోజు పొద్దున్నే బండాయన్ని వెంటబెట్టుకుని, ఒక పెద్ద త్రాసు, ఒక కొత్త బండ వేయించుకుని మా గుమ్మంలో దిగాడు. తూకం తక్కువని రుజువైతే ఆ మనిషిని పనిలోంచి తీసేయడమే తప్ప వేరే మాట లేదన్నాడు. పిన్ని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఈలోగా ఎదురింటావిడతో మొదలుపెట్టి ఆడవాళ్లందరూ మా గేటు దగ్గర చేరారు.

మేనేజరు ముందు తను తెచ్చిన బండను తన త్రాసు మీద తూచాడు. పిసరంత కూడా తేడా లేదు. తర్వాత పిన్ని మిషన్ సంగతి తేలుద్దామని బూట్లు విప్పి తనే ఎక్కాడు. పొద్దున ఇంట్లో చూసుకున్నదే వచ్చింది, మిషన్ భేషుగ్గా ఉంది అంటూ తన బరువును వీధంతా వినపడేలా చెప్పేశాడు. ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మిషన్ సరైనదైతే ఫిర్యాదూ సరైనదే అని ఆయన బండాయన వైపు తిరిగాడు. ఆ రోజు తెచ్చిన బండ అప్పటికే వాడేస్తున్నాం, దాన్ని తూచి లాభం లేదు.

"తక్కువ తేలేదు సార్" అన్నాడు బండాయన.

మరి ఎలా తగ్గిందని మేనేజరు రెట్టించాడు. బండాయన ఒక్కసారి పిన్ని వంక చూసి తల దించుకున్నాడు. తెలియదు సార్ అన్నాడు.

పిన్ని తట్టుకోలేకపోయింది. పోనీలెండి, ఇదివరకు మూడు కిలోలు ఎక్కువే ఇచ్చారు అని అడ్డం పడింది. మేనేజరు కళ్లు పెద్దవయ్యాయి. మూడు కిలోలు ఎక్కువా, అయితే ఎవరి బండల్లోంచో తీసి మీకు పోశాడన్నమాట, ఇది ఇంకా పెద్ద నేరం అన్నాడు. కాపాడదామని నోరు తెరిస్తే ఒక తప్పు రెండయింది. పిన్ని రెండు చేతులతో నోరు మూసుకుంది.

అసలు మీరెలా తూస్తారో ఒకసారి చూపించండి అన్నాడు మేనేజరు. పిన్ని మిషన్ ఎక్కింది. బండాయన ఆ కొత్త బండను, పిసరంత తేడా లేని బండను, ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టాడు. నేను యథాప్రకారం బోర్లా పడుకుని అంకె చదివాను. పిన్ని కళ్లు మూసుకుంది.

ఆవిడ జీవితంలో అంతసేపు పట్టిన తీసివేత ఇంకోటి లేదు. కళ్లు తెరిచి ముందు బండ వంక చూసింది. తర్వాత భుజం నుంచి జారిపోతున్న తన గౌను వంక చూసుకుంది. అప్పుడు నాకూ వెలిగింది. సరైన బండ కూడా రెండు కిలోలు తక్కువొచ్చింది. తగ్గింది బండ కాదు.

"ఏమ్మా, ఇప్పుడు సరిగ్గా ఉందా?" అన్నాడు మేనేజరు.

ఉందని ఒక్క మాట అంటే చాలు. పిన్ని అంకె పిన్ని దగ్గరే ఉంటుంది, మొన్నటి బండే తక్కువని తేలి బండాయన పని పోతుంది. లేదని అంటే ఆయన పని నిలబడుతుంది, కానీ ఇన్నేళ్లు గడియ వేసి దాచుకున్న అంకె వీధిలో పడుతుంది. దాంతోపాటు ఆ మూడు కిలోల అభిమానం కూడా తేలిపోతుంది.

"దీన్ని దించండి" అంది పిన్ని. బండాయన దించాడు. ఆవిడ మాత్రం మిషన్ దిగలేదు. "ఇప్పుడు చదవవే. గట్టిగా చదువు."

గేటు దగ్గర ఎదురింటావిడ చప్పున వీధివైపు తిరిగి నిలబడింది. ఆవిడను చూసి పక్కావిడ, ఆవిడ పక్కావిడ. ఇన్నేళ్లూ పిన్ని ఎవరెవరి నడుములు కడుపులో దాచుకుందో వాళ్లందరూ మాకు వీపులు చూపించి, చెవులు మూసుకుని నిలబడ్డారు. నేను చదివాను. ఆ అంకె ఇక్కడ మాత్రం రాయను.

"ఇన్నాళ్లూ నా బరువని నేను తీసేస్తున్న అంకె దీనికంటే రెండు కిలోలు ఎక్కువ" అంది పిన్ని. "మిషన్ కొన్నప్పటి అంకె అది. ఆయన తక్కువ తేలేదు సార్. నేనే జ్వరంలో తగ్గిపోయాను."

"మరి ఆ ఎక్కువొచ్చిన మూడు కిలోలు?"

"అవీ నావే. బిస్కెట్లవి."

వీపులు తిప్పుకున్నవాళ్లు చెవులు గట్టిగా మూసుకున్నట్టు లేరు. ముందు ఒక వీపు కదిలింది, తర్వాత వరసంతా కదిలిపోయింది. అమ్మ గుమ్మానికి ఆనుకుని కూలబడి నవ్వింది. నేను నేల మీంచి లేవలేకపోయాను. పిన్ని కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆయన ఏనాడూ ఎక్కువ ఇవ్వలేదు, నేనే ఏదేదో ఊహించుకున్నాను అని గొణుక్కుంది.

మేనేజరు తలపట్టుకుని, ఇదంతా నీకు తెలుసా అని బండాయన్ని అడిగాడు. ఆ రోజు బండ చేతికిచ్చేటప్పుడే చూశానన్నాడు బండాయన. మనిషి సగమైపోయారు, అందుకే నా త్రాసు తీస్తానన్నాను అన్నాడు.

"మరి ఇందాక తెలియదన్నావేంటయ్యా? నీ పని పోయేది కదా."

"టైలరమ్మగారి బరువు సంగతి వీధిలో నేనెలా చెప్తాను సార్" అన్నాడు బండాయన.

గేటు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. వీపులన్నీ ఇటు తిరిగాయి. పిన్ని ఇంకా మిషన్ మీదే ఉంది. ఆయన తల దించుకునే, ఆవిడకు మాత్రమే చెబుతున్నట్టు, ఎక్కువ పోయడం నా చేతిలో లేదండీ, గోడౌన్లో నాలుగైదు బండలు తూచి, పూర్తిగా ఉన్నది మీకని పక్కన పెట్టేవాణ్ణి, అంతవరకే నా చేతనైంది అన్నాడు.

పిన్నికి ఇంకో ముల్లు గుచ్చుకునే ఉంది. "మరి నేను మంచాన ఉన్నప్పుడు మా వీధికి రావడం ఎందుకు మానేశారు? ఒక్కసారీ చప్పుడు వినపడలేదు."

"రోజూ వచ్చానండీ. మీకు జ్వరమని ఎదురింటమ్మ చెప్పారు, పడుకుని ఉంటారని కొట్టలేదు."

మేనేజరు బూట్లు తొడుక్కున్నాడు. ఇక్కడ నాకేం పని లేదు అంటూ త్రాసు తనే మోసుకుని వెళ్లాడు. బండాయన పని ఆయనకే ఉంది. ఆ తర్వాత వచ్చిన బండను ఆయన తన కొక్కెం త్రాసుకే వేలాడదీశాడు. పిన్ని ఆ త్రాసు వంక చూడనైనా లేదు, చూడాల్సినవైపు చూస్తూ సరిపోయిందిలెండి అంది. టీ తెచ్చింది, బిస్కెట్ల పళ్లెం తెచ్చింది. ఆయన ఒకటి తీసుకుని పళ్లెం ఆవిడ వైపు జరిపి, మీరు కూడా తినండి, ఆ మూడు కిలోలు మళ్లీ రావాలి కదా అన్నాడు. మా ఇంట్లో ఆయన వేసిన మొదటి జోకు అదే.

ఇప్పుడు ఆయన్ని నేను బాబాయ్ అని పిలుస్తున్నాను. పెళ్లికి చొక్కా కుట్టడానికి కొలతలు తీస్తూ పిన్ని ఎదురింటావిడతో, బిగుతూ కాదు వదులూ కాదు అని చెప్పిందట. ఆ మిషన్ ఇంకా ముందుగదిలోనే ఉంది, దాని మీద బండను మాత్రం ఎవరూ తూచరు. మొన్న పొద్దున వీధి మొదట్లో టంగుటంగు వినపడగానే పిన్ని తలుపులు బార్లా తెరిచి మిషన్ ఎక్కింది. ముల్లు చూసుకుని, వీధి చివరిదాకా వినపడేలా, "ఏమండీ, మూడూ వచ్చేశాయి" అని కేకేసింది. దూరంగా బండ మీద రెంచీ ఆగకుండా మోగింది.